ఐదు రోజుల మాత్రలు, మూసుకున్న తూము

కిడ్నీ మార్పిడి జరిగి మూడేళ్లయిన ఒక మనిషిని ఊహించుకోండి. ఒంట్లో బాగానే ఉంది, ఉద్యోగానికి వెళ్లొస్తున్నారు. ఉదయం ఎనిమిదికి ఒకసారి, రాత్రి ఎనిమిదికి ఒకసారి టాక్రోలిమస్ తప్పకుండా వేసుకుంటున్నారు. కొవిడ్ సోకింది. జ్వరం పెద్దగా లేదు, ఊపిరి బాగానే ఆడుతోంది. అయినా మార్పిడి అయిన ఒళ్లు కదా అని వైరస్‌ను అణిచే మాత్రలు ఐదు రోజులకు రాసిచ్చారు. మూడో రోజుకు దగ్గు తగ్గింది కానీ చేతులు వణకడం మొదలైంది. నాలుగో రోజు వాంతులు, మగత. ఆస్పత్రికి తీసుకెళితే రక్తంలో క్రియాటినిన్ పెరిగి ఉంది, అంటే కిడ్నీ పని మందగించింది. వైరస్ తగ్గుముఖం పట్టాక మనిషి ఎందుకు దిగజారినట్టు?

పాక్స్‌లోవిడ్ అనే మాత్రలు వాడుకలోకి వచ్చిన 2022లో ఇలాంటి ఉదంతాలు పలు దేశాల వైద్య పత్రికల్లో అచ్చయ్యాయి. ఆ మాత్రల్లో కల్తీ లేదు, మోతాదులో పొరపాటు లేదు. రోగి ఒక్క పూట కూడా టాక్రోలిమస్ మానలేదు. మానకపోవడమే ఇక్కడ చేటు చేసింది.

రెండు హద్దుల మధ్య

కొత్త కిడ్నీ ఒంట్లోకి వచ్చిన క్షణం నుంచి రోగనిరోధక వ్యవస్థకు అది పరాయిదే. కన్నతల్లి ఇచ్చినా, తోబుట్టువు ఇచ్చినా అంతే. ఒకే అండం నుంచి పుట్టిన కవలలు ఇచ్చిపుచ్చుకుంటే తప్ప ఈ పేచీ తప్పదు. దాడికి ముందుండేవి టీ కణాలు. పరాయి కణజాలం తగలగానే వాటిలో కాల్సిన్యూరిన్ అనే ప్రొటీను చురుకై, దాడికి కావలసిన జన్యువులను పనిలోకి దింపుతుంది. టాక్రోలిమస్ ఆ ప్రొటీనును ఆపుతుంది. జపాన్‌లోని త్సుకుబా ప్రాంతపు మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి 1984లో దీన్ని వేరుచేశారు. 1989లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో థామస్ స్టార్జల్ బృందం మార్పిడి రోగులకు మొదటగా వాడింది. ఇప్పుడు కిడ్నీ, కాలేయం మార్పిడి జరిగినవారిలో అత్యధికులు దీని మీదే ఆధారపడి ఉన్నారు.

ఈ మందుకు చోటు చాలా ఇరుకు. కిడ్నీ రోగుల్లో తొలి నెలలు దాటాక రక్తంలో మిల్లీలీటరుకు సుమారు 5 నుంచి 10 నానోగ్రాముల దగ్గర ఉంచాలని చూస్తారు. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్ల వంతు. ఆ గీత కిందికి దిగితే టీ కణాలు మేలుకుని కొత్త కిడ్నీ మీద పడతాయి. గీత దాటి పైకి పోతే కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్నటి నాళాలు బిగుసుకుపోతాయి, పొటాషియం పెరుగుతుంది, చేతులు వణుకుతాయి, తల పగిలిపోతుంది, ఇంకా పెరిగితే ఫిట్స్ కూడా రావచ్చు. ఏ కిడ్నీని కాపాడటానికి వేసుకుంటున్నారో ఆ కిడ్నీకే దెబ్బ. మార్పిడి రోగులు కలుసుకున్నప్పుడు ఒకరినొకరు “లెవెల్ ఎంతుంది?” అని అడుగుతారే, ఆ లెవెల్ ఇదే.

తూము ఎక్కడుంది?

చెరువులో నీటిమట్టం ఒకే గీత దగ్గర నిలవాలంటే వాగు తెచ్చేదీ తూము వదిలేదీ సమంగా ఉండాలి. రోజూ వేసుకునే మాత్ర వాగు. తూము రెండు చోట్ల ఉంది: పేగు గోడలో కొంత, కాలేయంలో ఎక్కువ. ఆ తూము పేరు సీవైపీ3ఏ4. ఇదొక ఎంజైము. మనం మింగే మందుల్లో సగానికి దగ్గరగా దీని చేతిలోనే విరిగి బయటికి పోతాయి. టాక్రోలిమస్‌ను మింగినప్పుడు పేగు గోడలోని ఎంజైము దాటి, కాలేయం దాటి, రక్తంలోకి చేరేది సగటున నాలుగో వంతే. డాక్టరు రాసే మోతాదు ఈ నష్టాన్నంతా లెక్కలోకి తీసుకుని రాసిందే.

పాక్స్‌లోవిడ్‌లో ఉండేవి రెండు మందులు. నిర్మాట్రెల్విర్ వైరస్‌ను అడ్డుకుంటుంది. వైరస్ తన ప్రొటీన్లను ముక్కలుగా కోసుకుని వాడుకోవడానికి ఒక ఎంజైము కావాలి, దాన్ని ఇది ఆపుతుంది. చిక్కేమిటంటే, నిర్మాట్రెల్విర్‌ను కూడా మన సీవైపీ3ఏ4 చకచకా విరిచేస్తుంది. అలా వదిలేస్తే వైరస్‌ను పట్టుకునేంత సేపు అది రక్తంలో నిలవదు. అందుకే రెండో మందు, రిటొనావిర్. 1996లో హెచ్‌ఐవీ కోసం వచ్చిన మందు ఇది. కరోనా వైరస్ మీద ఇక్కడ దీనికి పనేమీ లేదు, తూము మూయడానికే దీన్ని కలిపారు. ఎయిడ్స్ వైద్యంలో ఏళ్లుగా వాడుతున్న ఉపాయమే.

అయితే తూము మూశాక నిలిచేది నిర్మాట్రెల్విర్ ఒక్కటే కాదు. ఆ దారిన పోవలసిన ప్రతి మందూ నిలిచిపోతుంది. టాక్రోలిమస్ విషయంలో నష్టం రెండింతలు: పేగు గోడలో విరగవలసింది విరగక లోపలికి ఎక్కువ వస్తుంది, కాలేయం దగ్గర పోవలసింది పోదు. వాగు పొంగుతుంటే తూము మూసినట్టు. రోగి మాత్రం పూట తప్పకుండా ఎప్పటి మాత్రే వేసుకుంటున్నారు. రెండు మూడు రోజుల్లో మట్టం కట్ట దాటుతుంది.

మందుకు అనుమతి తెచ్చిన ప్రధాన పరీక్షలో దీన్ని ముందే పట్టుకుని ఉండాల్సింది కదా అనిపిస్తుంది. సీవైపీ3ఏ4 మీద గట్టిగా ఆధారపడే మందులు వాడేవారిని ఆ పరీక్షలో చేర్చుకోలేదు. ఫలితాలు చెడిపోకుండా, ఎవరికీ హాని జరగకుండా అలా చేయడంలో న్యాయముంది. కానీ దాని పర్యవసానం చూడండి. 2020లో కొవిడ్‌తో ఆస్పత్రిలో చేరిన మార్పిడి రోగుల్లో దాదాపు ఐదుగురిలో ఒకరు నెల తిరక్కుండా చనిపోయారని అప్పటి పెద్ద అధ్యయనం ఒకటి తేల్చింది. టీకా రెండు డోసులు వేసుకున్నా దాదాపు సగం మంది మార్పిడి రోగుల్లో యాంటీబాడీలు కనిపించలేదని 2021లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు చూపించారు. మందు అవసరం అందరికన్నా ఎక్కువ ఉన్నవారు మందు పరీక్షలో లేనివారయ్యారు. ఇది ఈ ఒక్క మందుకే పరిమితమైన కథ కాదు. నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది ఇదే.

■ పంపర పనస పండు

సీవైపీ3ఏ4ను మూసేవి మందులే కానక్కర్లేదు. గ్రేప్‌ఫ్రూట్ రసం తాగినవారిలో రక్తపోటు మందు ఒకటి అనుకున్నదానికన్నా ఎక్కువగా రక్తంలో చేరుతోందని కెనడా పరిశోధకులు 1980ల చివర్లో అనుకోకుండా కనుగొన్నారు. ఆ రసంలోని పదార్థాలు పేగు గోడలోని ఎంజైమును పాడుచేస్తాయి. మన ఇళ్లలో వినాయక చవితి పాలవెల్లికి కట్టే పంపర పనస దానికి దగ్గరి బంధువు, గుణం కూడా అదే. పంపర పనస తిన్న కిడ్నీ మార్పిడి రోగిలో టాక్రోలిమస్ పెరిగిన ఉదంతం వైద్య సాహిత్యంలో నమోదై ఉంది. మార్పిడి జరిగినవారు ఈ పండును పూజకే ఉంచి, తినడం మానుకోవాలి.

మూశాక తెరవడం

కారణం తెలిశాక మార్గం కూడా దొరికింది. చాలా మార్పిడి కేంద్రాలు 2022 నుంచి పాటిస్తున్న పద్ధతి ఇలా ఉంటుంది. మొదటి పాక్స్‌లోవిడ్ మాత్రకు పన్నెండు గంటల ముందు నుంచే టాక్రోలిమస్ ఆపేస్తారు. ఐదు రోజులూ వేయరు. వాగు ఆగినా తూము మూసి ఉంది కాబట్టి రక్తంలో ఉన్న మందు మెల్లగానే తగ్గుతుంది, కిడ్నీకి కాపలా కొనసాగుతుంది. ఆరో రోజో ఏడో రోజో రక్తం తీసి లెవెల్ చూసి, అప్పుడు మళ్లీ మొదలుపెడతారు.

ఐదో రోజు రాత్రి ఆఖరి మాత్ర అయిపోగానే మర్నాడు పొద్దున పాత మోతాదు వేసేసుకుంటే? ఇక్కడ రెండో ప్రమాదం పొంచి ఉంది. రిటొనావిర్ ఎంజైమును కాసేపు పట్టుకుని వదిలేయదు, శాశ్వతంగా పనికిరాకుండా చేస్తుంది. శరీరం కొత్త ఎంజైమును తయారుచేసుకోవాలి. అందుకు కొన్ని రోజులు పడుతుంది. ఆ మధ్యలో పూర్తి మోతాదు వేసుకుంటే మళ్లీ మట్టం పెరుగుతుంది. మరోవైపు, కొవిడ్ తగ్గిందన్న సంతోషంలో టాక్రోలిమస్ మొదలుపెట్టడమే మరిచిపోతే తూము తెరుచుకున్నాక చెరువు ఎండుతుంది, టీ కణాలు లేస్తాయి. అందుకే ఈ వైద్యంలో రక్తపరీక్ష మాత్రతో సమానమైన భాగం. లెవెల్ చూసే ల్యాబ్ అందుబాటులో లేని చోట పాక్స్‌లోవిడ్ ఇవ్వకపోవడమే మేలని నా అభిప్రాయం.

వేరే మందులు లేవా అంటే ఉన్నాయి. రెమ్‌డెసివిర్ మూడు రోజులు నరంలోకి ఎక్కిస్తారు. టాక్రోలిమస్ తూముతో దానికి పెద్దగా తగవు లేదు. కిడ్నీ బాగా దెబ్బతిన్నవారికి వద్దని మొదట్లో అనుకునేవారు కానీ, 2023 జులైలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అలాంటివారికీ మోతాదు మార్చకుండా వాడవచ్చని అనుమతించింది. మోల్నుపిరావిర్ కూడా ఎవరితోనూ తగవు పెట్టుకోదు, కానీ బలం తక్కువ. దాని పరీక్షలో ఆస్పత్రిపాలు కావడం, చనిపోవడం కలిపి సుమారు 30 శాతం తగ్గాయి. పాక్స్‌లోవిడ్ పరీక్షలో తగ్గుదల 90 శాతానికి దగ్గరగా ఉంది. ఏది క్షేమం అన్న ప్రశ్నకు జవాబు రోగి ఉన్న ఊరిని బట్టి, ల్యాబ్ దూరాన్ని బట్టి మారుతుంది.

తూమును బార్లా తెరిచే మందులూ ఉన్నాయి. మన దేశంలో ముఖ్యంగా చెప్పుకోవలసింది క్షయకు వాడే రిఫాంపిసిన్. అది శరీరం చేత ఈ ఎంజైమును అవసరానికి మించి తయారుచేయిస్తుంది. టాక్రోలిమస్ అడుగంటిపోతుంది.

తూముతో పనిలేని ముప్పు

ఇప్పుడు ఇంకో వైరస్ దగ్గరికి వద్దాం. సైటోమెగలో వైరస్, వైద్యుల మాటల్లో సీఎంవీ. మన దేశంలో పెద్దవాళ్లలో అత్యధికులకు చిన్నప్పుడే సోకి, ఏ గుర్తూ చూపకుండా ఒంట్లో దాక్కుని ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నంతకాలం టీ కణాలు దాన్ని లేవనివ్వవు. మార్పిడి తర్వాత టీ కణాలనే నిద్రపుచ్చాం కదా, అది లేస్తుంది. జ్వరం, విరేచనాలు, ఊపిరితిత్తుల వాపు, కొత్త అవయవానికి ముప్పు. దాత శరీరంలో వైరస్ ఉండి, తీసుకునేవారికి ఎన్నడూ సోకకపోయి ఉంటే ప్రమాదం మరీ ఎక్కువ, ఎందుకంటే వైరస్ కిడ్నీతో పాటే లోపలికి వస్తుంది.

దీనికి ప్రధాన మందు వాల్‌గాన్‌సిక్లోవిర్. ఒంట్లోకి వెళ్లాక గాన్‌సిక్లోవిర్‌గా మారుతుంది. అది డీఎన్‌ఏలోని ఒక అక్షరాన్ని పోలిన నకిలీ. వైరస్ తన డీఎన్‌ఏను నకలు తీసుకునేటప్పుడు అసలు అక్షరమనుకుని దీన్ని ఇరికించుకుంటుంది, అక్కడితో నకలు చెడుతుంది. సీఎంవీ సోకిన కణాల్లోనే ఈ మందు ఎక్కువగా చురుకవుతుంది, ఎందుకంటే దాన్ని చురుకు చేసే తొలి మెట్టు వైరస్ సొంత ఎంజైము యూఎల్97 చేతిలో ఉంది. దొంగ తన చేతులతోనే తాళం వేసుకుంటాడన్నమాట.

ఈ రకం ఆలోచనకు బాట వేసినవారిలో గెర్ట్రూడ్ ఎలియన్ ఒకరు. హెర్పిస్ మందు ఎసైక్లోవిర్ ఆమె నడిపిన బృందం నుంచి వచ్చింది. దానికి ఏళ్ల ముందే, అవయవ మార్పిడిని సాధ్యం చేసిన తొలి మందుల్లో ఒకటైన అజాథయోప్రిన్ కూడా ఆమె, జార్జ్ హిచింగ్స్ కలిసి చేసిన పని ఫలితమే. ఇద్దరికీ 1988లో జేమ్స్ బ్లాక్‌తో కలిపి నోబెల్ వచ్చింది. పరాయి కిడ్నీని నిలబెట్టే మందు, అలా నిలబెట్టినప్పుడు లేచే వైరస్‌లను అణిచే తరహా మందు, రెండూ ఒకే ప్రయోగశాల ఆలోచన నుంచి పుట్టాయి. కణం డీఎన్‌ఏను రాసుకునే పనిలో అడ్డుపడటమే రెండింటి కిటుకూ.

ఆ కిటుకులోనే ప్రమాదమూ ఉంది. ఎముక మజ్జలో రాత్రీపగలూ కొత్త రక్తకణాలు పుడుతుంటాయి, అంటే డీఎన్‌ఏ నిరంతరం నకలవుతుంటుంది. గాన్‌సిక్లోవిర్ అక్కడ కొంత ఇరుక్కుంటుంది. తెల్ల కణాలు పడిపోతాయి. రోగి అప్పటికే, కిడ్నీ మీద దాడిని ఆపే మరో మందు మైకోఫినోలేట్ వాడుతుంటారు, అదీ తెల్ల కణాలను తగ్గించేదే. రెండూ కలిసి వైరస్ నుంచి కాపాడబోయి బ్యాక్టీరియాకు దారి తీస్తాయి.

జబ్బు రాకుండా ముందుజాగ్రత్తగా ఈ మందు ఎన్నాళ్లు ఇవ్వాలన్నదీ ఈ లెక్క మీదే తేలాలి. దాత నుంచి వైరస్ వచ్చిన కిడ్నీ రోగుల్లో 100 రోజులు, 200 రోజులు ఇచ్చి పోల్చిన అధ్యయనం 2010లో వచ్చింది. ఏడాది తిరిగేసరికి సీఎంవీ జబ్బు 100 రోజుల వారిలో 36.8 శాతానికి, 200 రోజుల వారిలో 16.1 శాతానికి కనిపించింది. ఎక్కువ రోజులు మంచివే. ఆ ఎక్కువ రోజులు తెల్ల కణాలు తట్టుకోవాలి కూడా.

■ సగం మాత్ర జాగ్రత్త కాదు

గాన్‌సిక్లోవిర్ శరీరం నుంచి బయటికి పోయేది కిడ్నీల ద్వారానే. అందుకే క్రియాటినిన్‌ను బట్టి మోతాదు తగ్గిస్తారు. తెల్ల కణాలు పడిపోయాయని భయపడి, లెక్కలో లేని తగ్గింపు చేస్తే ఇంకో చిక్కు వస్తుంది. వైరస్ చావక, మందు రుచి చూస్తూ బతికి, యూఎల్97లో మార్పులు తెచ్చుకుంటుంది. తర్వాత పూర్తి మోతాదు ఇచ్చినా పనిచేయకపోవచ్చు. అప్పుడు చాలా ఏళ్లపాటు మిగిలినవి ఫాస్కార్నెట్, సిడోఫోవిర్. రెండూ కిడ్నీని గాయపరిచేవే. కిడ్నీ మార్పిడి రోగికి కిడ్నీని దెబ్బతీసే మందు ఇవ్వాల్సి రావడం ఏ వైద్యుడికీ ఇష్టముండదు.

ఈ బిగువు నుంచి బయటపడటానికి కొత్త మందులు వచ్చాయి. లెటర్మోవిర్ వైరస్ తన డీఎన్‌ఏను గుల్లలో సర్దుకునే పనిని ఆపుతుంది. అలాంటి పని మన కణాల్లో లేదు కాబట్టి మజ్జకు హాని దాదాపు లేదు. కిడ్నీ రోగుల్లో వాల్‌గాన్‌సిక్లోవిర్‌తో పోల్చిన పరీక్ష 2023లో వెలువడింది. రక్షణ రెండింటిలో ఇంచుమించు సమానం. తెల్ల కణాలు తగ్గడం మాత్రం లెటర్మోవిర్ వారిలో 26 శాతం, రెండోవారిలో 64 శాతం. ఇంత తేడా చూసి సంబరపడాల్సిందే, ఒక్క మాట తప్ప: లెటర్మోవిర్ కూడా టాక్రోలిమస్ తూమును కొంత మూస్తుంది. లెవెల్ చూస్తూ మోతాదు తగ్గించాలి.

మిగతా మందులకు లొంగని సీఎంవీ కోసం 2021 నవంబరులో అమెరికాలో అనుమతి పొందిన మరిబావిర్ సంగతి మరీ విచిత్రం. అది వైరస్‌లోని యూఎల్97నే ఆపుతుంది. గాన్‌సిక్లోవిర్‌ను చురుకు చేసేది ఆ ఎంజైమే. రెండూ కలిపి ఇస్తే మొదటిది రెండోదాన్ని పనిచేయనివ్వదు. రెండు మంచి మందులు కలిపితే ఒక మందు కన్నా తక్కువ.

వైరస్ పోయినా పని అయిపోదు

కాలేయాన్ని నలిపే వైరస్ హెపటైటిస్-సి కథ చాలా ఏళ్లు చేదుగానే సాగింది. అప్పటి మందు ఇంటర్‌ఫెరాన్. వైరస్ సోకినప్పుడు మన కణాలే విడుదల చేసే హెచ్చరిక పదార్థం అది. దాన్ని సూదితో ఎక్కిస్తే రోగనిరోధక వ్యవస్థ మొత్తం అప్రమత్తమవుతుంది. కిడ్నీ మార్పిడి రోగిలో ఆ అప్రమత్తత వైరస్ దగ్గర ఆగదు, కొత్త కిడ్నీ మీదికీ వెళుతుంది. తిరస్కారం వచ్చి కిడ్నీ పోయిన ఉదంతాలు చూశాక, చాలామంది వైద్యులు వైరస్‌ను అలాగే వదిలేయడానికే మొగ్గు చూపారు.

2011లో నేరుగా వైరస్ మీద పనిచేసే మాత్రలు వచ్చాయి. వాటిలో టెలాప్రెవిర్‌ను ఆరోగ్యవంతులైన వాలంటీర్లకు టాక్రోలిమస్‌తో కలిపి ఇచ్చి చూశారు. టాక్రోలిమస్ శరీరానికి తగిలే మోతాదు 70 రెట్లు పెరిగింది. తూము మూత ఎంత గట్టిదో ఈ అంకె ఒక్కటే చెబుతుంది.

మలుపు సోఫోస్‌బువిర్‌తో వచ్చింది. దానికి సీవైపీ3ఏ4తో పనిలేదు. అమెరికాలో 12 వారాల కోర్సు 84,000 డాలర్లు పలికిన ఆ మందును, లైసెన్సు తీసుకుని 2015లో చవకగా మన దేశంలో తెచ్చిన కంపెనీల్లో హైదరాబాద్‌కు చెందిన నాట్కో, హెటెరో ఉన్నాయి. సోఫోస్‌బువిర్, లెడిపాస్‌విర్ జోడీని 114 మంది కిడ్నీ మార్పిడి రోగులకు ఇచ్చిన ఐరోపా అధ్యయనం 2017లో అచ్చయింది. దాదాపు అందరికీ వైరస్ పూర్తిగా పోయింది.

పోయాక జరిగేది కూడా చెప్పాలి. వైరస్‌తో నలిగిన కాలేయం మందులను నెమ్మదిగా విరుస్తుంటుంది. నయం కాగానే తేరుకుని, తూము మళ్లీ మామూలుగా పారుతుంది. పాత మోతాదు ఇప్పుడు చాలదు. నయమైన రోగిలోనే లెవెల్ పడిపోయి తిరస్కారం రావచ్చు. ఇంకో ముప్పు, అదే ఒంట్లో హెపటైటిస్-బి కూడా దాగి ఉంటే సి వైరస్ పోగానే అది లేవవచ్చు. 2016లో ఎఫ్‌డీఏ ఈ మందులన్నిటి మీదా ఆ హెచ్చరిక ముద్రించమంది.

ఈ మందులు నమ్మదగినవి అయ్యాక, హెపటైటిస్-సి ఉన్న దాతల కిడ్నీలను, వైరస్ లేనివారికి వారి సమ్మతితో పెట్టి, వెంటనే మాత్రలు ఇచ్చే ప్రయత్నం మొదలైంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం 2017లో ప్రకటించిన తొలి పది మందిలో పది మందికీ వైరస్ పోయింది. అంతకుముందు ఇలాంటి కిడ్నీలెన్నో పారేసేవారు.

మందుల షాపు దగ్గర

మన ఊళ్లలో జ్వరమొస్తే చీటీ లేకుండానే మాత్రలు దొరుకుతాయి. తూము మూసే మందులు వైరస్ మందులే కానక్కర్లేదు. గొంతు నొప్పికి ఇచ్చే క్లారిత్రోమైసిన్, ఫంగస్‌కు వాడే ఫ్లూకోనజోల్, రక్తపోటుకు వాడే డిల్టియాజెమ్ అన్నీ ఆ పనే చేస్తాయి. షాపులో కూర్చున్నాయనకు మీ ఒంట్లో పరాయి కిడ్నీ ఉందని ఎలా తెలుస్తుంది? మార్పిడి ఫైలు ఇంట్లో బీరువాలో ఉంటుంది. వాడుతున్న మందుల జాబితా ఫోనులో ఫొటోగా ఉంచుకోండి. ఏ కొత్త మాత్రకైనా ముందు, అది ఐదు రోజులదే అయినా, మార్పిడి కేంద్రానికి ఫోను చేసి రెండు అడగండి: “నా టాక్రోలిమస్ ఆపాలా, తగ్గించాలా? లెవెల్ ఏ రోజు చూపించుకోవాలి?”

చాలామంది తొలి మాత్ర రోజు జాగ్రత్తపడి, ఆఖరి మాత్ర తర్వాతి వారాన్ని వదిలేస్తారు. తూము తెరుచుకునేది ఆ వారంలోనే. కోర్సు అయిపోయి ఒళ్లు తేలికపడినా ల్యాబ్‌కు వెళ్లాల్సిందే. లెవెల్ రెండుసార్లు వరసగా గీత మీదికి వచ్చేదాకా పాత మోతాదే సరిపోతుందని అనుకోవద్దు.